మూత తిరగేసేదాకా

మా అక్క ఇంట్లో టీ తాగడం కన్నా బోనెక్కి సాక్ష్యం చెప్పడం తేలిక అని నలుగురిలో ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనను. ఎందుకు అననో చెప్పడానికే ఇదంతా.

అక్క కాలేజీలో ఇంగ్లిషు పాఠాలు చెప్పి రిటైరైంది. ఆ దొరల దేశం మొహం ఎరగదు. కానీ పాత ఇంగ్లిషు నవలల్లో దొరసానులు మధ్యాహ్నం పూట టీ ఎలా తాగేవారో అడిగితే, వాళ్ళింట్లో వంటచేసి వచ్చినదానిలా చెబుతుంది. బ్రెడ్డు అంచులు కోసెయ్యాలి. మధ్యలో పెట్టే కీరా ముక్క వెలుతురు కనపడేంత పల్చగా ఉండాలి. స్కోన్లు అని గుండ్రటి రొట్టెలు కొన్ని ఉంటాయి, వాటిని కత్తితో కొయ్యకూడదట, చేత్తో విరవాలట. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. మా ఆయన పోయాక కుట్టుమిషనుతో సహా అక్క ఫ్లాటులో చేరాను. అంచులు కత్తిరించడం నాకు కొత్తేం కాదు గానీ, తినే వస్తువుకి కత్తిరింపులేమిటని ఒళ్ళు మండేది. కోసిన అంచులన్నీ వంటింట్లో నిలబడి నేనే తినేదాన్ని.

వీటన్నిటికీ మించిన నియమం ఇంకొకటుంది. దాన్ని ఏ పుస్తకంలోంచీ తేలేదు. అక్కా, ఆవిడ స్నేహితురాలూ ఉద్యోగంలో చేరిన కొత్తలో తయారుచేసుకున్నారు. ఆ నవలల్లో మనుషులు టీ బల్ల దగ్గర గాలి గురించీ వాన గురించీ తోటల గురించీ తప్ప మాట్లాడరట. గుండెలు పగిలే మాటలన్నీ కప్పులు తీసేశాకే వస్తాయట. అది చూసి వీళ్ళిద్దరూ ముచ్చటపడి ఒక చట్టం చేసుకున్నారు. టీపాట్‌లో టీ ఉన్నంతసేపూ మంచి మాటలే మాట్లాడాలి. జబ్బులు, కోపాలు, ఏడుపులు ఏమున్నా టీ అయిపోయాకే. అయిపోయిందనడానికి గుర్తుగా ఇంటావిడ టీపాట్ మూత తిరగేసి పెట్టాలి. మూత తిరగబడిందా, ఇక ఎవరి కడుపులో ఏముంటే అది కక్కెయ్యొచ్చు.

అక్క దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చినప్పుడల్లా ఆ స్నేహితురాలిని నేను సాసరక్క అనేదాన్ని. పేరు పెట్టింది నేను కాదు, కాలేజీ పిల్లలు. మా అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడితే కప్పుకి చెవి ఉన్నట్టుండేదట. ఈవిడేమో ఎప్పుడూ పక్కనే, చడీచప్పుడూ లేకుండా. కప్పూ సాసరూ అని పిలిచేవారు ఇద్దర్నీ. ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. అక్క నోరుజారి ఒలకబోసిందల్లా ఆవిడే పట్టుకునేది.

ఒక ఏడాది పరీక్షలప్పుడు కాలేజీలో ప్రశ్నపత్రాల బీరువా ఎవరో తెరిచారు. పేపరు బయటికి పొక్కింది. ఆ మధ్యాహ్నం బీరువా ఉన్న గదిలో కాపలా ఉండాల్సింది సాసరక్క. అక్కకి పరీక్ష హాల్లో డ్యూటీ. నిజానికి ఆ వేళకి ఇద్దరూ డ్యూటీలు ఎగ్గొట్టి మా అక్క ఇంట్లో స్కోన్లు విరుచుకుంటూ కూర్చున్నారు. విచారణలో సాసరక్క ఉన్నదున్నట్టు చెప్పింది. తను గది వదిలి వెళ్ళడం తప్పేననీ, బీరువా జోలికి మాత్రం పోలేదనీ, ఆ సమయానికి ఫలానా ఆవిడ ఇంట్లో టీ తాగుతున్నాననీ చెప్పింది. అక్క కూడా డ్యూటీ వదిలేసి వచ్చిందన్న సంగతి మాత్రం ఎత్తలేదు. తర్వాత అక్కని పిలిచి, ఆ రోజు ఆవిడ మీ ఇంటికి వచ్చిందా అని అడిగారు. అవునంటే తన ఉద్యోగానికీ ఎసరు. మా అక్క, "గుర్తులేదండి" అంది.

ఆ ఒక్క మాటతో సాసరక్క ఉద్యోగం పోయింది. పోతూ పోతూ ఆవిడ ఒక్క మాట అనలేదు. ఇంటి మీదికి రాలేదు, ఎవరితోనూ కబురు పెట్టలేదు. ఊళ్ళోనే ఇంకో మూల పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ గడిపేసింది. అక్క ఉద్యోగం నిలబడింది, పైగా డిపార్టుమెంటుకి పెద్ద కూడా అయింది. ఆ తర్వాత ఇంటికెవరొచ్చినా అదే టీ, అవే కప్పులు, అవే స్కోన్లు. మూత మాత్రం ఎవరి ముందూ తిరగెయ్యలేదు. ఈ సంగతంతా ఒకసారి అక్కే నాకు చెప్పింది. కంట తడి లేకుండా చెప్పింది, అదే నాకు నచ్చలేదు.

అలాంటిది, ఇన్నేళ్ళకి ఫోనొచ్చింది. చేసింది సాసరక్క మేనకోడలు. అత్త మీ ఇంటికి టీకి వస్తానంటోంది, వచ్చే వారం తనని నాతోపాటు వేరే ఊరు తీసుకెళ్ళిపోతున్నాను, ఆలోపల కుదురుతుందా అని అడిగింది. అక్క కుదురుతుందని చెప్పి ఫోన్ పెట్టేసి, ఆ కుర్చీలోనే అలా ఉండిపోయింది. చూడబోతే ఊపిరి తీసుకోవడం కూడా నేనే గుర్తుచెయ్యాలేమో అనిపించింది.

"చెప్పేస్తానే," అంది చివరికి. "మూత తిరగేసి చెప్పేస్తాను. ఆ రోజు నాకు గుర్తుంది, నన్ను క్షమించు అంటాను. అది క్షమిస్తే క్షమిస్తుంది, మొహాన ఉమ్మితే ఉమ్ముతుంది. అది ఊరు దాటేలోపల చెప్పాలి, అంతే."

ఇక ఆ వారమంతా నా తల ప్రాణం తోకకొచ్చింది. నా కుట్టుమిషనుని తెర వెనక్కి తోయించింది. కర్టెన్లు ఉతికించింది. స్కోన్లు మొదటి వాయి రాళ్ళలా వచ్చాయి, కిటికీలోంచి విసిరితే కింద తాళాలు బాగుచేసే అతని బుర్ర పగిలేది. టీ చల్లారకుండా టీపాట్‌కి దూది పెట్టి ఒక తొడుగు కుట్టమంది. కొలతలు తీసుకుంటూ, "ఆడవాళ్ళ నడుములు కొలిచీ కొలిచీ చివరికి టీపాట్ నడుం దగ్గరికొచ్చాను" అన్నాను. అక్క నవ్వలేదు. కీరా తరుగుతూ పెదాలు కదుపుతోంది. చెప్పాల్సిన మాటని మననం చేసుకుంటోందని అర్థమై నేనూ నోరు మూసుకున్నాను.

ఆ రోజు మేనకోడలు సాసరక్కని గుమ్మం దాకా తీసుకొచ్చి, "ఆంటీ, అత్తని ఒక్కదాన్నీ మెట్లు దిగనివ్వకండి. నేను మందుల షాపులో పని చూసుకుని వచ్చేస్తాను" అని వెళ్ళిపోయింది. మోకాళ్ళ నొప్పులు కాబోలనుకున్నాను.

సాసరక్క జుట్టు మొత్తం నెరిసింది. హ్యాండ్‌బ్యాగు రెండు చేతులా పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. "ఇది నా కుర్చీయేగా" అంది. అక్క మొహం వెలిగిపోయింది.

"గాలి బాగుంది ఇవాళ," అంది సాసరక్క.

"బాగుంది. సాయంత్రానికి చినుకులు పడతాయేమో," అంది అక్క.

"నీ స్కోన్లు ఎప్పుడూ ఇంతే. ఇంత మెత్తగా నాకెప్పుడూ రాలేదు."

రాళ్ళలా వచ్చి పారేసిన వాయి సంగతి నేను ఎత్తలేదు. ఇద్దరూ అలా ఎదురెదురుగా కూర్చుని, స్కోన్లు విరుచుకుంటూ, కప్పు పెట్టినా చప్పుడు రాకుండా పెట్టుకుంటూ, మధ్యలో ఏమీ జరగనట్టే ఉన్నారు. చూస్తూ ఉంటే నాకే ముచ్చటేసింది. నా నోటికి కూడా మర్యాద అబ్బి, నేను సోఫా మూల కుక్కిన పేనులా కూర్చున్నాను.

"గాలి బాగుంది ఇవాళ," అంది సాసరక్క మళ్ళీ. కప్పులో ఇందాక వేసిన చక్కెర మళ్ళీ వేసుకుంది. దొరసానుల మర్యాదల్లో ఇదొకటి కాబోలనుకున్నాను. తర్వాత టీపాట్ వైపు తొంగి చూసి, "టీ అయిపోయిందా?" అని అడిగింది.

"అబ్బే, ఇంకా ఉంది," అని అక్క లేచి టీపాట్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నేనూ వెనకాలే వెళ్ళాను. టీపాట్‌లో వేణ్ణీళ్ళు పోస్తోంది.

"ఏం చేస్తున్నావక్కా? అయిపోయిందని చెప్పి మూత తిరగెయ్యి. అందుకేగా ఇంత హంగామా."

"చెబుతానే. ఒక్క కప్పు తాగనీ. ఇలా ఎదురుగా కూర్చుని ఎన్నాళ్ళయిందో నీకేం తెలుసు. నేను నోరు విప్పగానే లేచి వెళ్ళిపోతే?"

మళ్ళీ వెళ్ళి కూర్చున్నాం. అక్క పోసింది. సాసరక్క ఒక గుక్క తాగి, గదంతా కలియజూసి, అక్కతో, "మీ ఇల్లు చాలా బాగుందండీ. వెలుతురు బాగా వస్తుంది" అంది.

అక్క చేతిలో కప్పు సాసర్‌కి తగిలి చప్పుడైంది. ఆ ఇద్దరి మధ్యా మీరు అన్న మాట నేనెప్పుడూ వినలేదు. సాసరక్క నవ్వుతూనే ఉంది. "టీ అయిపోయిందా?" అంది మళ్ళీ. ఈసారి గొంతులో తొందర ఉంది.

అక్క మళ్ళీ టీపాట్ పట్టుకుని లోపలికి పరిగెత్తింది. "విన్నావా? మీరు అంది. అండీ అంది. ఇంకా పరాయిదాన్నే నేను దానికి. ఇప్పుడు మూత తిరగేశాననుకో, అది నన్ను కడిగి పారేస్తుంది."

"కడగనీ. ఉమ్మినా సరే అన్నదానివి నువ్వే కదా."

"అన్నాను," అంది అక్క, వేణ్ణీళ్ళు పోస్తూనే. సగం నీళ్ళు గట్టు మీద పడ్డాయి. అక్కని అంత పిరికిగా నేనెప్పుడూ చూడలేదు. కోపం వచ్చింది, జాలీ వేసింది. ఆ రెండూ పెట్టుకుని గట్టు తుడిచాను.

ఆ తర్వాత కప్పుల్లో పడింది టీ కాదు, వట్టి రంగునీళ్ళు. నేను కుట్టిన తొడుగు పుణ్యమా అని అవి కూడా వేడిగానే ఉన్నాయి. ఇద్దరూ ఆ నీళ్ళనే తాగుతూ గాలి బాగుందని మాట్లాడుకున్నారు. సాసరక్క మాటిమాటికీ మూత వైపు చూస్తోంది. అక్క ఆ చూపు తన మీద పడకుండా స్కోన్ల పళ్ళెం ముందుకి జరుపుతోంది. అంతలో గంట మోగింది. మేనకోడలు వచ్చేసింది.

గుమ్మం దగ్గర సాసరక్క వెనక్కి తిరిగి బల్ల వైపు చూసింది. "మూత తిరగెయ్యలేదు కదూ నువ్వు?"

"లేదు," అంది అక్క.

"అయితే ఇంకోసారి," అంది సాసరక్క, అక్క చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేసి.

వాళ్ళతోపాటు కిందికి నేనే దిగాను. ఆవిడని కారులో కూర్చోబెట్టి తలుపు వేశాక, మేనకోడలు నన్ను పక్కకి పిలిచింది.

"ఆంటీ, అత్త ఏమైనా చెప్పిందా?"

"గాలి బాగుందంది."

"అది కాదు. పొద్దుటి నుంచి ఒకటే జపం. టీ అయ్యాక చెప్పాలి, టీ అయ్యాక చెప్పాలి అని. ఏం చెప్పాలత్తా అంటే, నీక్కాదులే అంది. మర్చిపోకుండా దారంతా అనుకుంటూనే వచ్చింది."

"మర్చిపోవడమేమిటి?"

ఆ పిల్ల తల దించుకుంది. "అత్తకి మరుపు జబ్బు, ఆంటీ. ఇప్పటికే చాలా పోయాయి. ఉన్నవి ఎన్నాళ్ళుంటాయో డాక్టర్లే చెప్పలేమన్నారు. ఇవాళ కాస్త బాగుందని తీసుకొచ్చాను."

"ముందే ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. టీ దగ్గర జబ్బుల మాట ఎత్తకూడదట."

కారు దగ్గరికి వెళ్ళాను. సాసరక్క సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఇప్పుడు లేపితే కంగారు పడుతుంది, అక్కడికెళ్ళాక బాగున్న రోజు చూసి ఫోన్ చేస్తాను అని చెప్పి ఆ పిల్ల కారు తీసింది.

పైకెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దాచిపెట్టి మెత్తగా చెప్పడం నాకు రాదు. అక్క టీపాట్ దగ్గర కూర్చుని, మిగిలిన రంగునీళ్ళు కప్పు తర్వాత కప్పు పోసుకుని మొత్తం తాగేసింది. చివరి చుక్క దాకా అయ్యాక మూత తిరగేసి పెట్టింది. ఎదురుగా ఖాళీ కుర్చీ.

"అది ఏం చెప్పాలనుకుందంటావు?" అంది. "తిట్టాలనుకుందా? క్షమించాలనుకుందా?"

"నాకేం తెలుసక్కా."

"ఏదైనా సరే. వినాల్సింది."

ఆ తర్వాత అక్క ఫోనుని కన్నబిడ్డలా చంకనేసుకుని తిరిగింది. స్నానానికి వెళ్తే నాకు అప్పజెప్పి వెళ్ళేది. మేనకోడలు నిజంగానే ఒకసారి ఫోన్ చేసింది. ఇవాళ తేటగా ఉంది, పాత సంగతులు మాట్లాడుతోంది, వెంటనే రండి అంది. అక్క టీపాట్‌ని నా తొడుగుతో సహా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. స్కోన్లు లేవు, కీరాల్లేవు. బస్సు కుదుపుకి మూత గలగలమన్నప్పుడల్లా అరచేత్తో నొక్కిపట్టుకునేది. ఈసారి చెప్పేస్తుందని నాకు నమ్మకం కలిగింది. వినేవాళ్ళు ఉండాలి కదా అన్నది మాత్రం ఇద్దరం పైకి అనలేదు.

అది చిన్న ఇల్లు. ముందు గదిలో సాసరక్క ఒళ్ళో అదే హ్యాండ్‌బ్యాగుతో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"రండి రండి. కూర్చోండి. మా మేనకోడలి కోసం వచ్చారా?"

తలుపు దగ్గర నిలబడ్డ మేనకోడలు నా వైపు చూసి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. పొద్దున ఉన్న తెలివి మేము బస్సులో ఉండగానే వెళ్ళిపోయింది.

"మీ కోసమే వచ్చామండీ," అంది అక్క. అండీ అనడానికి అక్కకి ఎంత కష్టమైందో పక్కనున్న నాకు తెలుసు. వంటింట్లోకి వెళ్ళి తనే టీ పెట్టింది. రెండు కప్పులకి సరిపడా, చుక్క ఎక్కువ కాకుండా. తెచ్చి పోసింది. సాసరక్క కప్పు అందుకున్న తీరు మాత్రం మారలేదు, చప్పుడు లేకుండా పెట్టింది.

"ఎంత బాగుందండీ టీ. నాకు ఒక ఫ్రెండు ఉండేది, అచ్చం ఇలాగే పెట్టేది."

అక్క కప్పు కింద పెట్టేసింది. "ఎక్కడుంది ఇప్పుడు?"

సాసరక్క ఆలోచించింది. నుదురు ముడిపడింది. చాలాసేపు వెతుక్కుంది పాపం. చివరికి మర్యాదగా, "గుర్తులేదండి" అంది.

అక్క టీపాట్ మూత తీసి, తిరగేసి, బల్ల మీద పెట్టింది. ఇక ఆగలేదు. ఇద్దరు స్నేహితురాళ్ళుండేవారనీ, కలిసి పాఠాలు చెప్పేవారనీ, ఒక మధ్యాహ్నం దొంగతనంగా టీ తాగారనీ మొదలుపెట్టి, బీరువా, విచారణ, అన్నీ చెప్పింది. నేను, నువ్వు అని చెప్పబోయి, ఎదుటి మనిషి మొహంలో అయోమయం చూసి, ఒకావిడ, ఇంకొకావిడ అంటూ చెప్పింది. సాసరక్క ముందుకి వంగి, కళ్ళార్పకుండా వింది.

"మరి ఆ ఫ్రెండుని పిలిచి అడిగారా?"

"అడిగారు."

"ఏమంది?"

"గుర్తులేదంది."

సాసరక్క చెయ్యి చాచి అక్క చేతి మీద వేసింది. "నిజంగానే గుర్తులేదేమో పాపం. అలా జరుగుతుందండీ. మనం చెబితే ఎవరూ నమ్మరు గానీ, నిజంగానే గుర్తుండదు. ఆవిణ్ణి ఏమీ అనకండి."

అక్క ఏడ్చింది. ఇన్నేళ్ళలో నేను చూడగా అదే మొదలు. "లేదు. గుర్తుంది. అంతా గుర్తుండే అలా అంది."

సాసరక్క మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒళ్ళో బ్యాగు దగ్గరికి లాక్కుంది. "అయ్యో. అయితే పాపం ఆ రెండో ఆవిడ?"

"ఆ రెండో ఆవిడ ఏమంటుందో మీరు చెప్పండి. మీరు చెబితే చాలు. తిట్టినా సరే."

"నేనెలా చెబుతానండీ," అంది సాసరక్క నొచ్చుకుంటూ. "ఆ పుస్తకం నేను చదవలేదు."

సాసరక్క కిటికీ వైపు చూసి, గాలి బాగుంది ఇవాళ అంది. తర్వాత ఖాళీ కప్పు అక్క వైపు జరిపి, "టీ ఇంకా ఉందాండీ?" అని అడిగింది.

అక్క కళ్ళు తుడుచుకుని, "లేదండీ. అయిపోయింది" అంది.

"పోనీలెండి," అంది సాసరక్క. "ఇంకోసారి తాగుదాం."